డబ్బా వెనక వైపు

ఆదివారం, రాత్రి 10:40

పొద్దున లేచేసరికి డైనింగ్ టేబుల్ మీద ఆ డబ్బా అలాగే ఉంది. నల్ల డబ్బా, ఎర్ర మూత, మూత మీద మెరుపు బొమ్మ. లోపల వ్యాయామానికి ముందు ఊపు కోసం తాగే సప్లిమెంట్ పొడి. జిమ్‌లో బెంచ్ ప్రెస్ చేసేటప్పుడు వెనక నిలబడి నాకు సాయం పట్టే కుర్రాడు నిన్న సాయంత్రం ఇచ్చాడు. వాడు ఇంకో ఫ్లేవర్ కొనుక్కున్నాడట, సగం వాడిన పాతది నాకు అంటగట్టాడు. "అన్నా, అరగంట ముందు ఒక్క స్కూప్ నీళ్లలో కలిపి తాగి రా. కిక్కు మామూలుగా ఉండదు" అన్నాడు.

నాకు 43 ఏళ్లు. జిమ్‌లో చేరి ఏడు నెలలు, అందులో నాలుగు నెలలుగా బెంచ్ దగ్గర అదే బరువుతో కుస్తీ. రోజూ ఉదయం ఒక బీపీ మాత్ర. మాత్ర సంగతి మాత్రం వాడికి చెప్పలేదు. పాతికేళ్ల వాడి ముందు చెప్పుకోవాలంటే కాస్త నామోషీగా అనిపించింది.

సాయంత్రం వేసుకుందాంలే అనుకుని, ఈలోపు ఓసారి చూద్దామని ఫోన్ తీశాను. అలా తీసింది పదింటికి. మళ్లీ తలెత్తేసరికి పన్నెండున్నర.

మొదటి అరగంట వృథా. "ఈ పౌడర్ మంచిదా" అని వెతికితే వచ్చేవన్నీ దాన్ని అమ్మేవాళ్ల మాటలు, లేదా తాగినవాళ్ల సంబరాలు. "పది నిమిషాల్లో ఒళ్లంతా చీమలు పాకినట్టు అయింది, సూపర్" అని ఒకాయన ఐదు చుక్కలు ఇచ్చాడు. చీమలు పాకితే సూపరేమిటో అర్థం కాలేదు. ఆ తిమ్మిరి ఇలాంటి పొడుల్లో కలిపే బీటా అలనిన్ అనే అమైనో ఆమ్లం వల్ల వస్తుందని తర్వాత తెలిసింది. చర్మం కింది నరాలు కాసేపు చిమచిమలాడతాయి, దాంతో పెద్ద ప్రమాదమేమీ లేదు. తమాషా ఏమిటంటే ఆ చిమచిమకీ, బీటా అలనిన్ చేసే పనికీ సంబంధమే లేదు. అది రోజూ 4 నుంచి 6 గ్రాముల చొప్పున కనీసం రెండు నుంచి నాలుగు వారాలు వాడితే, కండరాల్లో కార్నోసిన్ అనే పదార్థం మెల్లమెల్లగా పెరిగి, అప్పుడు కొద్దిగా పనికొస్తుంది. పనిచేసేది చడీచప్పుడు లేకుండా చేస్తుంది, చప్పుడు చేసేది ఇంకేదో. ఆ ఐదు చుక్కలు చీమలకే పడ్డాయన్నమాట.

దాంతో ఫోన్ పక్కన పెట్టి డబ్బానే తిప్పాను. ముందు వైపు అంతా అరుపులే: ఎక్స్‌ట్రీమ్, పంప్, ఫోకస్. వెనక వైపు అక్షరాలు మాత్రం చీమ తలకాయంత. కళ్లజోడు పెట్టుకున్నా ఆనలేదు, చివరికి ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివాను. ఒక స్కూప్ 12 గ్రాములు. అందులో "ఎనర్జీ మ్యాట్రిక్స్, ప్రొప్రైటరీ బ్లెండ్: 6,200 మిల్లీగ్రాములు" అని ఒకే ఒక్క అంకె. దాని కింద వరసగా పేర్లు: సిట్రులిన్, బీటా అలనిన్, టారిన్, టైరోసిన్, కెఫీన్, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, యోహింబే బెరడు. ఏది ఎంతో లేదు.

మొదట అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదట. అమెరికా పద్ధతి లేబుళ్లలో ఇది మామూలే. బ్లెండ్ అని పేరు పెడితే మొత్తం బరువు చెబితే చాలు, లోపలి వాటాలు కంపెనీ రహస్యం. పేర్లను మాత్రం బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి.

ఆ ఒక్క నియమం దొరికేసరికి నాకు హుషారొచ్చింది. పాత కరెంటు బిల్లు వెనక లెక్క మొదలుపెట్టాను. బీటా అలనిన్ రెండోది. అంటే మొదటిదాని కంటే ఎక్కువ ఉండే వీల్లేదు. కాబట్టి ఎంత గుంజినా మొత్తంలో సగం, 3,100 మిల్లీగ్రాములు దాటదు. పరిశోధనల్లో వాడిన 4 గ్రాములకే అది చాలదు. కెఫీన్ ఐదోది. అదే లెక్కన అయిదో వంతు దాటకూడదు, అంటే 1,240 మిల్లీగ్రాముల లోపు ఎంతైనా ఉండొచ్చు! నిజంగా అంత పోస్తారని కాదు. కానీ 150 ఉందా, 400 ఉందా అన్నది ఈ డబ్బా చదివి చెప్పడం ఎవరి వల్లా కాదు. మేలు చేసే సరుకు చాలినంత లేదని లేబులే ఒప్పుకుంటోంది, జాగ్రత్తగా కొలవాల్సిన సరుకు ఎంతో మాత్రం నోరు విప్పడం లేదు. ఇంతకంటే తెలివైన లేబుల్ నేను చూడలేదు.

కెఫీన్ విషయంలో నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకు 400 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంటుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో అదే మాట చెబుతూ, ఒక్కసారికి 200 దాటకుండా ఉంటే మంచిదంది. నేను ఇప్పటికే రోజుకు మూడు కాఫీలు తాగుతాను. పైగా కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరున్నరకి తాగితే రాత్రి పదకొండున్నరకి కూడా సగం నాతోపాటే మంచమెక్కుతుంది. అసలే నాకు నిద్ర అంతంతమాత్రం.

లెక్క అయ్యాక స్కూప్ సంగతి గుర్తొచ్చింది. వంటింట్లోంచి తూకం మెషీన్ తెచ్చాను. డబ్బాలో పొడి తేమకి గట్టిపడి ఉంది, చిన్న సిలికా పొట్లం సగం కూరుకుపోయింది, స్కూప్ కోసం వేళ్లు పెట్టి తవ్వాల్సి వచ్చింది. అంచు సమానంగా గీసి తూస్తే 12 గ్రాములకి కాస్త ఎక్కువ. మామూలుగా జిమ్‌లో ముంచుకునేట్టు గుట్టగా ముంచి తూస్తే 17. ఒక్క స్కూప్ అంటే ఒక్కటే కాదు, ఇంచుమించు ఒకటిన్నర. మా ఆవిడ అటుగా వచ్చి, మెషీన్ మీద గులాబీ రంగు పొడి చూసి, "అది కడిగి పెట్టు" అని మాత్రం అంది. కడిగాను. వేళ్లకి అంటిన గులాబీ రంగు మధ్యాహ్నం దాకా వదల్లేదు.

భోజనాలయ్యాక అక్కకి ఫోన్ చేశాను. అక్క ఫార్మసిస్టు. పేర్లన్నీ వరసగా చదువుతూ వెళ్లాను, ఏమీ అనకుండా వింది. యోహింబే దగ్గర ఆపింది.

"ఒరేయ్, మళ్లీ చదువు."

చదివాను.

"బీపీ మాత్ర వేసుకుంటూ యోహింబే తాగుతావా? గుండె వేగమూ, బీపీ రెండూ పెంచుతుంది రా అది. ఉదయం మాత్రతో దించి సాయంత్రం పొడితో ఎక్కిస్తావా?"

"చెట్టు బెరడే కదక్కా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"చెట్టు నుంచి వచ్చిందైతే ఏమీ చేయదా? ఎఫెడ్రా కూడా మొక్కే."

ఆ ఎఫెడ్రా కథ తర్వాత చదివాను. చైనా వైద్యంలో వందల ఏళ్లుగా వాడే మొక్క. దాన్ని బరువు తగ్గించే మాత్రల్లోకీ, వ్యాయామం మాత్రల్లోకీ తెచ్చారు. 2003 ఫిబ్రవరిలో స్టీవ్ బెక్లర్ అనే బేస్‌బాల్ పిచర్ శిక్షణలో ఉండగా వడదెబ్బతో కుప్పకూలి చనిపోయాడు, వయసు 23. ఎఫెడ్రా కూడా అందుకు ఒక కారణమని శవపరీక్ష చేసిన వైద్యుడు చెప్పాడు. 2004లో అమెరికా సప్లిమెంట్లలో ఎఫెడ్రాను నిషేధించింది. ఆ ఖాళీలోకి డీఎంఏఏ అని ఇంకోటి దిగింది. జెరేనియం మొక్కలోది అన్నారు. నిజానికి 1940లలో ముక్కు దిబ్బడకి మందుగా తయారుచేసిన రసాయనం అది. దాన్నీ సప్లిమెంట్లలో వాడకూడదని తర్వాత తేల్చారు. ఒక పేరు పోతే ఇంకో పేరు. గ్రీన్ టీ మాటకొస్తే కప్పులో తాగేది వేరు, సారం తీసి గుళికల్లో కూరేది వేరు. అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన వెళితే కాలేయం దెబ్బతింటున్న సూచనలు రక్తపరీక్షల్లో కనిపించాయని 2018లో యూరప్ సంస్థ చెప్పింది. నా డబ్బాలో ఎంత ఉందంటారా? అదీ బ్లెండే.

అక్క అసలు అక్షింతలు చివర్లో వేసింది. "రెండున్నర గంటలు ఫోన్‌లో వెతికావు. మీ డాక్టరుకి రెండు నిమిషాలు ఫోన్ చేశావా?" లేదు. తట్టనే లేదు. రేపు చేయాలి.

మాటల్లో కండబలం కోసం జిమ్ వాళ్లు వాడే క్రియాటిన్ సంగతి కూడా వచ్చింది. వీటన్నిట్లో బాగా పరీక్షకి నిలిచింది అదేనట. మామూలు క్రియాటిన్ మోనోహైడ్రేట్, రోజుకు 3 నుంచి 5 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కిడ్నీలకి హాని చేసినట్టు పరిశోధనల్లో కనబడలేదు. మొదట్లో కండరాల్లో నీరు చేరి కిలో, రెండు కిలోలు బరువు పెరగొచ్చు. కిక్కూ లేదు, చీమలూ లేవు. "ఒకటి గుర్తుపెట్టుకో" అంది అక్క. "క్రియాటినే విరిగి క్రియాటినిన్ అవుతుంది. కిడ్నీల పనితీరు అంచనా వేసేది దాన్ని చూసే. క్రియాటిన్ వేసుకుంటూ రక్తపరీక్షకి వెళితే రిపోర్టులో క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపించొచ్చు. డాక్టరుకి ముందే చెప్పకపోతే ఆయనా కంగారుపడతాడు, నువ్వూ కంగారుపడతావు." బీపీ ఉన్నవాడిని కాబట్టి అదీ అడగకుండా మొదలుపెట్టొద్దంది. వచ్చే నెల నా వార్షిక పరీక్షలున్నాయి. అవి అయ్యాకే చూద్దామనుకున్నాను.

మధ్యాహ్నం పడుకోవాల్సింది, పడుకోలేదు. లేబుల్ మీద ఉన్నవాటి సంగతి సరే, లేనివి ఉంటే? 2004లో అచ్చయిన ఒక అధ్యయనం దొరికింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ డబ్బుతో జర్మనీలోని కొలోన్ ల్యాబ్ 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షించింది. 94 డబ్బాల్లో లేబుల్ మీద చెప్పని స్టెరాయిడ్ జాతి పదార్థాలు దొరికాయి. ఏడింటిలో ఒకటి! పాత లెక్కే అనుకోండి. కానీ అమెరికాలో ఇప్పటికీ సప్లిమెంట్ అమ్మడానికి ముందు ఎఫ్‌డీఏ పరీక్షించి అనుమతి ఇవ్వదు, 1994 నాటి చట్టం అలా ఉంది. సమస్య వస్తే తర్వాత పట్టుకుంటారు. మందులన్నిటికీ ముందే పరీక్ష ఉంటుంది కదా, దీనికీ ఉంటుందనే ఇన్నాళ్లూ నేను అనుకుంటున్నాను. డబ్బా మీద ముద్రలు చూసి ఎవరో చూసే ఉంటారులే అనుకునే బాపతు నేను.

ముద్రల్లో పనికొచ్చేవీ ఉన్నాయి. ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్, ఇన్ఫార్మ్‌డ్ స్పోర్ట్ లాంటివి బయటి సంస్థలు పరీక్షించి ఇచ్చేవి. ఇన్ఫార్మ్‌డ్ స్పోర్ట్ అయితే ప్రతి బ్యాచ్‌నీ పరీక్షిస్తుంది, డబ్బా అడుగున ఉన్న బ్యాచ్ నంబరును వాళ్ల జాబితాతో మనమే సరిచూసుకోవచ్చు. ఆ ముద్ర ఉంటే కలవకూడనివి కలిశాయా అన్న భయం చాలా వరకు తగ్గుతుంది. నా బీపీకి పడుతుందా లేదా అన్నది ఆ ముద్ర పని కాదు. నా డబ్బా మీద "ల్యాబ్ టెస్టెడ్" అని వెండి రంగు స్టిక్కరుంది. ఎవరి ల్యాబో, దేనికోసం టెస్టో లేదు. గోటితో గీకితే ఊడొచ్చింది.

ఆరున్నరకి జిమ్‌కి వెళ్లాను, నీళ్ల సీసాలో ఉత్త నీళ్లతో. అదే బరువు, ఎనిమిదోసారి ఎత్తేటప్పుడు అదే వణుకు. కుర్రాడు ఇవాళ రాలేదు. ఇంటికొచ్చాక వాడి మెసేజ్: "అన్నా ఎలా ఉంది? కిక్కు వచ్చిందా?"

వేసుకోలేదని రాశాను. బీపీ ఉందని కూడా రాశాను, రాసేశాక అంత కష్టంగా ఏమీ అనిపించలేదు. "నీ కొత్త డబ్బా వెనక వైపు ఒక ఫొటో పంపు" అన్నాను.

ముందు వైపు ఫొటో పంపాడు. మామిడి ఫ్లేవరట, పులి బొమ్మ.

"వెనక రా, అక్షరాలుండే వైపు."

ఈసారి ఫొటోలో బార్ కోడ్ వచ్చింది.

మూడోది ఇప్పుడే వచ్చింది. చెయ్యి కదిలి అంతా మసకగా ఉంది, బ్లెండ్ అన్న మాట ఒక్కటే తెలుస్తోంది. దాని కింద వాడి మెసేజ్: "అన్నా, ఇందులో కెఫీన్ ఎంతో రాయలేదేంటి?"