సున్నా జారిపోతుంటే: ఇంట్లో కట్టిన సీఎన్‌సీ రౌటర్‌తో నా అనుభవం

నేను కట్టుకున్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ఆజ్ఞలతో చెక్కను కోసే యంత్రం) పొడవాటి కోతల్లో కొలత తప్పలేదు. చెక్కలో గుంటలు తవ్వమన్నప్పుడే ఇబ్బంది వచ్చేది. కట్టర్ వేల సార్లు అటూ ఇటూ తిరిగాక పని ముగించి సున్నాకు, అంటే మొదలుపెట్టిన చోటికి, రమ్మంటే ఎక్స్ అక్షం మిల్లీమీటర్ల దూరంలో ఆగేది. ప్రతిసారీ ఒకే వైపుకు.

యంత్రం గురించి క్లుప్తంగా చెబుతాను. నెమా 23 సైజు స్టెప్పర్ మోటార్లు (చిన్న చిన్న అడుగులుగా తిరిగేవి), చుట్టుకు 5 మి.మీ. కదిలించే బాల్ స్క్రూలు, సంకేతాన్ని వెలుగు ద్వారా దాటించే ఆప్టోకప్లర్ ఇన్‌పుట్లున్న విడి డ్రైవర్లు (మోటార్లను నడిపే సర్క్యూట్లు), ఆర్డుయినో యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు మీద జీఆర్‌బీఎల్ అనే ఫర్మ్‌వేర్ (బోర్డులో నడిచే ప్రోగ్రామ్). మోటారు చుట్టుకు 200 స్టెప్పులు వేస్తుంది, డ్రైవర్ ఒక్కో స్టెప్పును 8 భాగాలు చేస్తుంది. ఒక్కో భాగానికి ఒక పల్సు, అంటే చిన్న విద్యుత్ సంకేతం, కావాలి. అంటే చుట్టుకు 1600 పల్సులు, మిల్లీమీటరుకు 320.

సున్నా ఇలా జారి, మోటారు స్టెప్పులు పోతున్నాయనగానే అందరూ చెప్పే సలహా ఒకటే: వేగం తగ్గించు, త్వరణం తగ్గించు. సలహా మంచిదే. స్టెప్పర్ మోటారు వేగం పెరిగేకొద్దీ బలం కోల్పోతుంది, త్వరణం ఎక్కువైతే పట్టు తప్పుతుంది. రెండూ సగానికి తగ్గించి చూశాను. తేడా అంతే వచ్చింది. స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే మోటారు) ఆపేసి గాలిలో నడిపినా అంతే. విద్యుత్ రొద వల్ల వచ్చే తేడా అయితే ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా ఉండాలి. స్క్రూలో ఉండే బ్యాక్‌లాష్ (వదులు) దిశ మారినప్పుడు కనిపిస్తుంది కానీ, పోగుపడదు.

అప్పుడు డయల్ గేజ్ (అతి చిన్న కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) బిగించాను. యంత్రం బండి (కట్టర్‌ను మోసే భాగం) గేజ్ సూదిని తాకిన చోట సున్నా పెట్టి, దూరంగా పంపి, అక్కడ ముందుకూ వెనక్కూ తిప్పి, మళ్లీ అదే వైపు నుంచి గేజ్ దగ్గరకు తెచ్చే చిన్న ప్రోగ్రామ్ రాశాను. 10 సార్లు తిరిగితే 0.06 మి.మీ. తేడా. 20 సార్లకు 0.12 దాటింది. 40 సార్లకు 0.25. ఒక్కో కదలిక 1 మి.మీ. అయినా, 20 మి.మీ. అయినా ఫలితం మారలేదు. దూరంతో సంబంధం లేదు, వేగంతో లేదు. ఎన్నిసార్లు దిశ మారిందన్నదే లెక్క.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన ఆధారం ఆ 0.06. స్టెప్పర్ మోటారు భారానికి పట్టు తప్పితే నాలుగేసి పూర్తి స్టెప్పుల చొప్పున జారుతుంది, ఎందుకంటే దాని అయస్కాంత చక్రం నాలుగు స్టెప్పులకోసారి మళ్లీ మొదలవుతుంది. నా స్క్రూ మీద నాలుగు స్టెప్పులంటే సరిగ్గా 0.1 మి.మీ. అంతకంటే తక్కువ తేడా వచ్చిందంటే మోటారు జారలేదన్నమాట. 0.25ను 40తో భాగిస్తే 0.00625, అంటే రెండు పల్సులు. అటు వెళ్లి ఇటు వచ్చిన ప్రతిసారీ, ఖచ్చితంగా రెండు.

డ్రైవర్ మాన్యువల్ తెరిస్తే సంగతి బయటపడింది. పల్సు రావడానికి కనీసం 5 మైక్రోసెకన్ల ముందే దిశ సంకేతం స్థిరపడి ఉండాలని అందులో ఉంది. జీఆర్‌బీఎల్ మామూలుగా దిశ మార్చిన వెంటనే పల్సు పంపేస్తుంది. దీనికి తోడు ఆప్టోకప్లర్ వెలిగినంత త్వరగా ఆరదు. అందువల్ల ఒక వైపుకు మళ్లేటప్పుడు డ్రైవర్ మొదటి పల్సును పాత దిశలోనే లెక్కవేసేది. వెనక్కి పడాల్సిన పల్సు పడకపోవడం ఒకటి, అది ముందుకు పడటం ఇంకొకటి. కలిపి రెండు! రెండో వైపు మళ్లేటప్పుడు కూడా ఇదే పొరపాటు జరిగి ఉంటే ఒకదానికొకటి కొట్టుకుపోయేవి, ఎవరికీ తెలిసేది కాదు.

పరిష్కారం ఫర్మ్‌వేర్ లోపలే ఉంది. జీఆర్‌బీఎల్ కాన్ఫిగరేషన్ ఫైలులో స్టెప్ పల్స్ డిలే (పల్సుకు ముందు ఆగే సమయం) అనే వరుస వ్యాఖ్య రూపంలో నిద్రాణంగా ఉంటుంది. దాన్ని మేల్కొలిపి, విలువ 10 మైక్రోసెకన్లుగా ఉంచి, కంపైల్ చేసి బోర్డులోకి ఎక్కించాను. అదే ప్రోగ్రామ్ మళ్లీ నడిపితే గేజ్ ముల్లు సున్నా మీదకు వచ్చి నిలిచింది. ఆ క్షణంలో కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

తర్వాత వేగాన్ని తిరిగి పెంచుకున్నాను. యూనో మీద జీఆర్‌బీఎల్ సెకనుకు దాదాపు 30,000 పల్సులు ఇవ్వగలదు. నా లెక్కన అది నిమిషానికి 5,625 మి.మీ. మోటార్లు అంతకంటే ముందే అలసిపోతాయి కాబట్టి, అవి ఆగిపోయే స్థాయి కనుక్కొని, వేగాన్నీ త్వరణాన్నీ దానికి మూడో వంతు తక్కువగా పెట్టాను.

ఎన్‌కోడర్ (మోటారు నిజంగా ఎంత తిరిగిందో కొలిచే పరికరం) ఉన్న క్లోజ్డ్ లూప్ మోటార్లు కొంటే ఈ బాధ ఉండదని చాలామంది అంటారు. ఈ లోపానికి మాత్రం అవి మందు కావు. ఎన్‌కోడర్ సరిచూసేది డ్రైవర్‌కు అందిన ఆజ్ఞను మోటారు పాటించిందా అని మాత్రమే. తప్పు దిశలో లెక్కపడిన పల్సును కూడా అది నమ్మకంగా అమలు చేస్తుంది.