బ్రోడీని బతికించబోయి భంగపడిన నా అనుభవం

స్క్రీన్‌ప్లే రచనలో ఆన్‌లైన్ శిక్షణకు చేరిన నాకు చివరి పరీక్షగా ఇచ్చిన పని ఈ వారమే ముగిసింది. ఫలితం నిన్న సాయంత్రం తెలిసింది కనుక, కోపమూ ఊరటా చల్లారకముందే ఆ ముచ్చట రాసిపెడుతున్నాను. పని పైకి తేలికగానే కనిపిస్తుంది: ఏదైనా టెలివిజన్ గూఢచారి సిరీస్‌ను తీసుకుని, కథను మలుపు తిప్పిన ఒక సీజన్ ముగింపు దగ్గర ఆగి, అక్కడి నుంచి తరువాతి సీజన్ ఎటు వెళ్లవచ్చునో పన్నెండు ఎపిసోడ్లకూ లైన్, అంటే కథా సారం, రాయాలి. అసలు రచయితలు తరువాత ఏం చేశారో మాత్రం చూడకూడదు.

పేరు నమోదు పది నిమిషాల్లో అయిపోయింది. సిరీస్ ఎంపికకు అంత సమయం కూడా పట్టలేదు. 2011 అక్టోబరులో మొదలైన అమెరికన్ సిరీస్ ‘హోమ్‌ల్యాండ్’ మొదటి మూడు సీజన్లు చూసి, మూడో సీజన్ ముగింపు తట్టుకోలేక అక్కడే ఆపేసినవాడిని నేను. ముప్పై ఆరు ఎపిసోడ్లనూ మళ్లీ చూడడానికి రెండు వారాలు పట్టింది. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

చూడనివారికి ఆ ముగింపు గురించి కొంత చెప్పాలి. ఎనిమిదేళ్లు అల్ ఖైదా చెరలో ఉండి తిరిగివచ్చిన మెరైన్ సైనికుడు నికొలస్ బ్రోడీ దేశద్రోహి అని మొదట అనుమానించినదీ, అతన్ని ప్రేమించినదీ ఒక్కరే: సీఐఏ అధికారిణి క్యారీ మాథిసన్. రెండో సీజన్ చివర లాంగ్లీలోని సీఐఏ ప్రధాన కార్యాలయంలో 219 మందిని బలిగొన్న బాంబు పేలుడు నింద బ్రోడీ మీద పడుతుంది. మూడో సీజన్‌లో క్యారీ గురువు సాల్ బెరెన్సన్ ఇరాన్ రివల్యూషనరీ గార్డ్స్ అధికారి జవాదీని రహస్యంగా తన వైపు తిప్పుకుంటాడు. జవాదీకి పైస్థానం ఖాళీ కావాలని బ్రోడీని టెహరాన్ పంపి, జవాదీ పై అధికారి అక్బరీని చంపిస్తాడు. 2013 డిసెంబరు 15న ప్రసారమైన చివరి ఎపిసోడ్‌లో బ్రోడీని జనం మధ్య క్రేనుకు ఉరి తీస్తారు. కడుపుతో ఉన్న క్యారీ కంచె ఎక్కి అతని పేరు పెట్టి అరుస్తుంది. నాలుగు నెలల తరువాత, విధుల్లో ప్రాణాలిచ్చినవారికి ఒక్కో నక్షత్రం చెక్కే సీఐఏ స్మారక కుడ్యం మీద, బ్రోడీకి దక్కని నక్షత్రాన్ని ఆమే మార్కరుతో గీస్తుంది.

నేను నాలుగో సీజన్ లైన్‌ను ఒకే రాత్రిలో రాసేశాను. ఉరికంబం మీద వేలాడినవాడు బ్రోడీ కాదు. జవాదీ ఆఖరి క్షణంలో జైలులోని మరో ఖైదీని మార్చాడు. బ్రోడీ ఎక్కడో అజ్ఞాతంలో ఉన్నాడు. క్యారీ బిడ్డతో సహా అతన్ని వెదుక్కుంటూ వెళుతుంది. రాస్తున్నప్పుడు నాకే కళ్లు చెమ్మగిల్లాయి. ఇరవై మంది ముందు నెరేషన్ ఇచ్చే రోజున గొంతు సవరించుకుని, మధ్యలో రెండు చోట్ల ఆగి, నటించి మరీ వినిపించాను.

విన్న తరువాత మాస్టారు కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, “మిగతావాళ్లందరూ ఒక పని చేయండి. బ్రోడీ బతికి ఉండాలంటే ఎంతమంది అబద్ధం ఆడాలో, ఎంతమంది కళ్లు మూసుకోవాలో లెక్కపెట్టి చాట్‌లో రాయండి” అన్నారు. క్రేను నడిపినవాడు ఒకటి, ఉచ్చు తగిలించినవాడు రెండు, శవాన్ని దించినవారు మూడు, నాలుగు... నా కళ్ల ముందే ఆ అంకె పెరుగుతూ పదకొండు దగ్గర ఆగింది. అప్పుడు మాలో అందరికంటే చిన్నవాడు, ఎంతో మర్యాదగా, “అన్నా, క్యారీ కంచె ఎక్కి కళ్లారా చూసింది కదా, అది వేరే మనిషైతే ఆమెకు తెలియదా?” అని అడిగాడు. వాడి మర్యాదే నన్ను ఎక్కువ కాల్చింది. ఒకరెవరో ‘పన్నెండు’ అని కూడా రాశారు.

దానితో వదిలినా సరిపోయేది. కానీ మాస్టారు, “అది సరే, జవాదీకి ఈ ఉరి వల్ల ఏం దక్కిందో చెప్పండి” అన్నారు. నేను చెప్పలేకపోయాను. ముప్పై ఆరు ఎపిసోడ్లు రెండేసి సార్లు చూసినవాడిని, ఆ ముగింపుకు ఇరుసు లాంటి సంగతి నా దగ్గర లేదు. బ్రోడీ దాక్కున్న చోటును జవాదీకి పట్టించినది సీఐఏ పెద్దలే. అక్బరీ హంతకుడిని పట్టుకున్న ఘనతతోనే జవాదీ పీఠం ఎక్కాడు. ఇరాన్ తన అణుకేంద్రాల తనిఖీకి ఒప్పుకోవడం దాకా తరువాత వచ్చిన ఫలమంతా ఆ ఉరితాడు మీదే నిలబడి ఉంది. బ్రోడీని బతికిస్తే ఆ కథంతా కూలుతుంది. “మీరు రాసినది కథ కాదండీ, మొక్కు” అని మాస్టారు ముగించారు. నేను నెట్ పోయినట్టు నటించి కెమెరా ఆపేసి, చీకటి తెర ముందు చాలాసేపు కూర్చున్నాను.

ఇది ఆయన మరో విధంగా చెప్పి ఉండవచ్చునని ఇప్పటికీ అనుకుంటున్నాను. విద్యార్థి తప్పును తోటివారి చేత లెక్కపెట్టించడం బోధన కాదు, పంచాయతీ. అయితే ఆ ప్రశ్న మాత్రం సరైనదే. సీజన్ ముగింపు చూసిన ప్రేక్షకుడు పోయినవాడి కోసం ఏడుస్తాడు. రాయబోయేవాడు మాత్రం ఆ పోవడం వల్ల ఎవరు బాగుపడ్డారో, వారికి ఆ సంపద ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి. ఇలాంటి పని పెట్టుకునేవారు మొదటి రోజే ఆ పట్టిక రాసుకోండి. శిక్షణ కార్యాలయం వారు అదనపు రుసుముకు అమ్మే ‘ముందస్తు సమీక్ష’ను మాత్రం కొనకండి, నేను కొన్నాను, వారు నా లైన్‌లో పేరాల మధ్య ఖాళీ తగ్గించమని చెప్పారు, బ్రోడీ గురించి ఒక్క మాట లేదు.

తిరగరాయడానికి పది రోజులు పట్టింది. ఈసారి క్యారీ మార్కరుతో గీసిన ఆ నక్షత్రం దగ్గర మొదలుపెట్టాను. లాంగ్లీలోని నిజమైన స్మారక కుడ్యం 1974లో 31 నక్షత్రాలతో ఏర్పడింది. అక్కడి నక్షత్రాలు తెల్లని పాలరాతిలో చెక్కినవి, చెరిగేవి కావు. మార్కరు గీత మాత్రం తడిగుడ్డతో పోతుంది. కాబట్టి నా మొదటి సీన్‌లో మరునాటి ఉదయం శుభ్రం చేసే మనిషి దాన్ని తుడవబోయి, పై అధికారిని అడగడానికి ఆగుతాడు. నిఘా కెమెరాలో చూస్తే దాన్ని గీస్తున్న క్యారీ కనిపిస్తుంది. నక్షత్రం ఇవ్వనన్న డైరెక్టర్ లాక్‌హార్ట్ చేతికి ఆమె జుట్టు చిక్కుతుంది. ఆయనే ఇస్తానన్న ఇస్తాంబుల్ స్టేషన్ చీఫ్ పదవి బహుమతిగా కాక బేడీగా మారుతుంది. మరోవైపు ఉద్యోగం ఊడి ప్రైవేటు రంగంలో చేరిన సాల్ తలలో, జవాదీ అమెరికా మనిషన్న రహస్యం ఉంది. దాని ఖరీదు తెలిసిన కొనుగోలుదారులు అతని కొత్త కార్యాలయంలోనే తిరుగుతుంటారు. ఎవరు ఎప్పుడు నోరు జారుతారన్నదే నా సీజన్. బ్రోడీ ఒక్క ఫ్లాష్‌బ్యాక్‌లోనూ రాడు. బిడ్డను క్యారీ తన తండ్రికి అప్పగించి వెళుతుంది. రెండో నెరేషన్‌లో ఎవరూ ఏమీ లెక్కపెట్టలేదు. ఆ చిన్నవాడు తుడిచే మనిషి సీన్‌ను మళ్లీ చదవమన్నాడు, చదివాను.

దాన్ని దాఖలు చేయడం మరో తంతు. ఫైలు పేరులో ఖాళీ ఉందని ఒకసారి, పేజీ అంకె కుడివైపు లేదని ఒకసారి తిప్పి పంపారు. కథలో పన్నెండు మంది అబద్ధాలు పట్టించుకోని కార్యాలయానికి పేజీ అంకె మీద ఇంత నిష్ఠ ఎందుకో నాకు బోధపడలేదు.

నిన్న వచ్చిన ఉత్తరంలో ‘ఉత్తీర్ణత’ అనీ, దాని కింద మాస్టారి చేతిరాతతో ‘గుడ్డ పట్టుకున్న మనిషి బాగున్నాడు’ అనీ ఉంది. నిబంధన తీరిపోయింది కనుక రాత్రే 2014లో వచ్చిన అసలు నాలుగో సీజన్ మొదలుపెట్టాను. క్యారీ కాబూల్‌లో ఉంది. ఆమె అనుమతించిన వైమానిక దాడి ఒక పెళ్లి ఇంటి మీద పడింది. బిడ్డ తాత దగ్గర కాదు, క్యారీ అక్క దగ్గర ఉంది. సాల్ నేను అనుకున్నట్టే ప్రైవేటు రంగంలో ఇమడలేక గింజుకుంటున్నాడు. ఆ ఒక్క ఊహ నిజమైనందుకు గదిలో ఒంటరిగానే చప్పట్లు కొట్టుకున్నాను. గోడ మీద నక్షత్రాన్ని ఎవరు తుడిచారో మాత్రం చూసినంత మేరకు ఎవరూ అడగలేదు. ఇంకా తొమ్మిది ఎపిసోడ్లు ఉన్నాయి.