తెల్ల పొణికి జెట్టు

మన బడి పూర్వ విద్యార్థుల సమావేశం సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు రాగానే నాకు 1979 నాటి మా పాలపిట్ట గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో నలుగురం కలిసి ఊహించి, లెక్కలు కట్టి, మన కొండపల్లి తెల్ల పొణికి చెక్కతో చేసిన జెట్ విమానం అది. ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాలేదు, ఏ రన్‌వే మీదా పరిగెత్తలేదు. కానీ దాని గురించి మమ్మల్ని ఎవరు ఏ ప్రశ్న వేసినా జవాబు చెప్పగలిగేవాళ్లం. ఆ ఘనత పూర్తిగా మన సైన్స్ మాస్టారిదే.

ఆ రోజుల్లో చదివినవాళ్లెవరూ ఆయన్ని మరిచిపోరు. ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌గా చేసి, తర్వాత బీఈడీ చదివి మన బడికి వచ్చారు. సర్వీసులో ఎక్కువ కాలం వాంపైర్ విమానాల మీద పనిచేశారు. 1948లో మన వైమానిక దళానికి వచ్చిన మొదటి జెట్లు అవి. జిల్లా సైన్స్ ఫెయిర్‌కి ఏం చేద్దామండీ అని మేం అడిగితే, "అగ్నిపర్వతాలు అందరూ తెస్తారు. మీరు లోకంలో లేని విమానం ఒకటి చేయండి. కానీ అది ఉండుంటే ఎగిరేదేనని నన్ను ఒప్పించాలి" అన్నారు.

ఆయన ఇచ్చిన కథ ఇది. బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ 1940లోనే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వాళ్లే సొంతంగా ఒక చిన్న జెట్‌కు పూనుకున్నారనుకోండి. లోహం కొరత. చెక్కకూ, చెక్క పనివాళ్లకూ కొదవ లేదు. ఇంజన్ మాత్రం ఇంగ్లండు నుంచి తెచ్చుకోవాలి. అప్పుడా విమానం ఎలా ఉంటుంది?

చెక్కతో జెట్టేంటి మాస్టారూ అన్నాం. వాంపైర్‌లో పైలట్ కూర్చునే భాగమంతా చెక్కేనని చెప్పారు. రెండు ప్లైవుడ్ పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క పెట్టి అతికించిన గోడలట. లోకంలో మొట్టమొదట ఎగిరిన జెట్, జర్మనీవాళ్ల హైంకెల్ 178. 1939 ఆగస్టు 27న ఎగిరిన ఆ విమానం రెక్కలూ చెక్కవే. ఇక మాకు అడ్డేముంది?

పెన్సిలు పట్టనిచ్చే ముందు మాత్రం ఆయన మమ్మల్ని వారాల తరబడి ప్రశ్నలతోనే నడిపించారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఇంజన్ ఎక్కడ పెడతారు?" తొలినాళ్ల బ్రిటిష్ ఇంజన్లు సెంట్రిఫ్యూగల్ రకం. లోపల తిరిగే చక్రం గాలిని చుట్టూ విసిరి ఒత్తిడి పెంచుతుంది కాబట్టి ఇంజన్ లావుగా, గుండ్రంగా ఉంటుంది. వాంపైర్‌లోని గోబ్లిన్ ఇంజన్ అడ్డంగా దాదాపు 1.27 మీటర్లు. మా స్కేలు 24లో ఒక వంతు. అంటే మోడల్‌లో ఇంజన్‌కే 5.3 సెంటీమీటర్లు కావాలి, దాని చుట్టూ ఒళ్లు కట్టాలి. విమానం బొద్దుగా రావడానికి కారణం అదీ.

తర్వాత గాలి ఎక్కడి నుంచి వస్తుందని అడిగారు. ఇంగ్లండు ఇంజనీరు విటిల్ ఇంజన్‌తో 1941 మే 15న ఎగిరిన గ్లోస్టర్ విమానంలో గాలి ముక్కులోంచి లోపలికొచ్చి, పైలట్‌కు రెండు పక్కలా చీలి వెనక్కి పోయేది. మేం రెక్కల మొదట్లో రెండు నోళ్లు పెట్టాం, వాంపైర్ లాగే. వేడి గాలి బయటికెళ్లే గొట్టం పొడుగైతే తోపుడు బలం కొంత అందులోనే పోతుంది. అందుకే వాంపైర్‌కు పొట్టి శరీరం, వెనక తోకను మోసే రెండు కాడలు. మేమూ ఆ దారే పట్టాం గానీ, అడ్డ తోకను కాడల చివర ఇంకా పైకి ఎత్తాం, మంట దానికి తగలకూడదని. కిరోసిన్ ట్యాంకు? రెక్కల దగ్గరే ఉండాలి. ఖర్చయ్యే కొద్దీ బరువు ముందుకో వెనక్కో జరిగితే విమానం తూకం చెడుతుంది.

చక్రాల పాఠం నాకు అన్నిటికన్నా ఇష్టం. జెట్‌కు ముందు తిరిగే పంకా లేదు కాబట్టి పొడుగు కాళ్లు అక్కర్లేదు. కానీ తోక కింద చక్రం పెడితే చిక్కే. మెసర్‌ష్మిట్ 262 అనే జర్మన్ జెట్ తొలి నమూనాలు అలాగే ఉండేవి. పంకా విసిరే గాలి లేక, పరుగులో తోక లేచేది కాదు. 1942 జూలై 18న పైలట్ ఫ్రిట్జ్ వెండెల్ దాన్ని జెట్ ఇంజన్లతో ఎగరేసినప్పుడు, పరుగు మధ్యలో బ్రేకు తొక్కి తోక లేపాల్సి వచ్చింది. తర్వాత ముక్కు కింద చక్రం పెట్టారు. అంత వేగంలో బ్రేకు మీద కాలు వేయడానికి ఎంత గుండె కావాలో చెబుతూ మాస్టారు బల్ల కింద కాలితో తొక్కి చూపించేవారు.

మా నలుగురిలో ఒకడి నాన్నగారు బొమ్మల పనిలో ఉండేవారు. మేమంతా ఆయన్ని బాబాయిగారూ అనేవాళ్లం. పొణికి చెక్కను సన్నటి సెగ మీద తేమ పోయేదాకా ఆరబెట్టి ఇచ్చారు. అంబారీ ఏనుగులు చెక్కిన చేతికి జెట్ విమానం కొత్తే అయినా, మా డ్రాయింగు ఒక్కసారి చూసి, "పొట్ట దగ్గర నార ఇటు పోవాలిరా అబ్బాయ్, లేకపోతే పెళ్లు లేస్తుంది" అని దుంగను తిప్పి పెట్టారు. బాడిసతో ఆయన ముతకగా దింపారు, ఉలి పని మాకు వదిలారు. శరీరం అడ్డుకోతలు అట్టలో ఆరు చోట్లకు కత్తిరించుకున్నాం. అట్టను చెక్కకు ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే, ఎక్కడ వెలుతురు సందులోంచి కనిపిస్తే అక్కడ అట్ట చెక్కకు తగలనట్టు. తగిలినచోట మాత్రమే ఉప్పుకాగితంతో నాలుగు రుద్దులు, మళ్లీ అట్ట. వెలుతురు గీత సన్నబడుతూ సన్నబడుతూ చివరికి మాయమయ్యేది. ఆ ఆనందం ఇప్పటికీ నా వేళ్లకు తెలుసు.

రెక్కలు విడిగా చెక్కి, అతుకుల్లో మక్కు నింపాం. రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ఆ ముద్ద ఆరితే చెక్కలో చెక్కలా కలిసిపోతుంది. పైలట్ గది మీది అద్దానికి చొక్కా పెట్టె మీది ప్లాస్టిక్ మూత వాడాం. బొగ్గుల కుంపటి మీద మెత్తబడేదాకా పట్టి, చెక్క అచ్చు మీదికి ఒక్క ఊపున లాగాలి. ఆ క్షణంలో అందరికీ టెన్షనే. చక్రాలు హవాయి చెప్పులోంచి, వెనక గొట్టం టూత్‌పేస్టు ట్యూబు రేకులోంచి వచ్చాయి.

రంగు దగ్గర చరిత్ర పాఠం. 1947 నుంచి 1950 దాకా మన విమానాల మీద గుర్తు అశోకచక్రం, మూడు రంగుల వలయం ఆ తర్వాత వచ్చింది. మా విమానం 1948లో ఎగిరిందని తేల్చుకున్నాం కాబట్టి చక్రమే వేయాలి. రెక్క మీద రూపాయి బిళ్లంత గుండ్రంలో ఇరవై నాలుగు ఆకులు! బాబాయిగారు సన్నటి కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క ఆకూ లాగారు. పైన మట్టిరంగు, రెక్కల అడుగున నీలం. పాలపిట్ట అన్న పేరు అందుకే.

ఫెయిర్‌లో బహుమతి వచ్చింది. ఇది ఏ దేశపు విమానమని వచ్చినవాళ్లు అడగడం, మనదేనని మేం చెప్పడం మాకు అంతకన్నా గొప్ప.

చాలా ఏళ్ల తర్వాత బెంగళూరు హెచ్‌ఏఎల్ (ఆ హిందుస్థాన్ కంపెనీ ఇప్పటి పేరు) మ్యూజియంలో మారుత్ విమానం ముందు నిలబడ్డాను. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ నేతృత్వంలో బెంగళూరులోనే రూపొంది 1961 జూన్ 17న ఎగిరిన మన జెట్ ఫైటర్ అది. దానికన్నా ముందే, 1959లో, అదే కొలతలతో ఇంజన్ లేని చెక్క గ్లైడర్ కట్టి, డకోటా అనే రవాణా విమానంతో పైకి లాగి వదిలి పరీక్షించారు. బెంగళూరు చెక్క పనివాళ్లు జెట్ విమానం ఒళ్లు నిజంగానే చెక్కతో కట్టారన్నమాట! మారుత్‌కు కావలసినంత బలమైన ఇంజన్ మాత్రం చివరిదాకా దొరకలేదు. అంత అందమైన ఒళ్లు అనుకున్న వేగం అందుకోలేకపోయింది. మాస్టారి మొదటి ప్రశ్న ఎంత పెద్దదో నాకు ఆ రోజు అర్థమైంది.

పాలపిట్ట డ్రాయింగు ఇన్నాళ్లూ నా దగ్గరే ఉంది. ఈ సమావేశంలో దాన్ని బడికి అప్పగిస్తున్నాను. నా మిత్రుడి కుటుంబం ఇప్పటికీ బొమ్మల పనిలోనే ఉంది, చెక్క ఇస్తామన్నారు. రంగులు, పనిముట్ల ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. ఇప్పటి తొమ్మిదో తరగతి పిల్లలకు ఒకటే షరతు: పాలపిట్టను కాపీ కొట్టకూడదు, మీ విమానం మీరే ఊహించాలి. ఇంజన్ ఎక్కడ పెడతారో ముందు మాకు చెప్పాలి.