ఏడాదైనా కరగని జింక్: బోటు అడుగు పని, నా అనుభవం

నిన్ననే బోటు మళ్ళీ నీళ్ళలోకి దిగింది. చేతులకి అంటిన నీలం పెయింట్ ఇంకా పోలేదు, కోపమూ పూర్తిగా పోలేదు, అందుకే వెంటనే రాసేస్తున్నా. నాది ఫైబర్ బోటు, లోపల డీజిల్ ఇంజన్, ప్రొపెల్లర్‌ని తిప్పే కడ్డీ అంటే షాఫ్ట్ ఒకటే, ప్రొపెల్లర్ ఒకటే, తిరిగేది ఉప్పునీళ్ళలోనే. ఏడాదికోసారి బయటికి తీసి నీటిగీత కింద ఏముందో చూసుకుంటా.

తీయడం సాఫీగానే అయిపోయింది, బోటుని ఎత్తే బెల్టులు షాఫ్ట్ మీదా స్పీడ్ సెన్సార్ మీదా పడకుండా ఎక్కడ రావాలో పక్కన టేపుతో ముందే గుర్తులు పెట్టుకున్నా. పైకి రాగానే ప్రెషర్ వాటర్ కొట్టించా. తడిగా ఉన్నప్పుడైతే నాచు, జిగురు ఇట్టే పోతాయి, ఒక పూట ఎండనిచ్చారంటే ఇక గీకుడే గీకుడు.

కడుగుతుంటే ప్రొపెల్లర్ ముందు షాఫ్ట్‌కి బిగించిన జింక్, అంటే ఆ లోహపు దిమ్మ, కనపడింది. అంచులు కాస్త మసకబారాయి తప్ప కొత్తదిలాగే ఉంది. నాకు ఎంత సంతోషమేసిందో! ఏడాది పాటు నీళ్ళలో ఉండి ఏమీ కరగలేదంటే మంచి సరుకు పెట్టించుకున్నా అనుకున్నా, యార్డు మేస్త్రీని పిలిచి మరీ చూపించా. ఆయన ఒకసారి చూసి, పక్కన పని చేసుకుంటున్న నలుగుర్నీ కేకేసి "ఇటు రండ్రా, జింక్ కరగలేదని సార్ సంబరపడుతున్నారు" అని పగలబడి నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. నేను అలా పైపు పట్టుకుని నిలబడిపోయా. ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు, అడగడానికి నోరు రాలేదు. తెలియనివాడు అడిగినప్పుడు చెప్పడం పనిలో భాగమండీ, పదిమందిలో నవ్వితే వాడు ఇంకెప్పుడూ ఏదీ అడగడు, అడగకపోతే బోటే మునుగుతుంది.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఒక్కణ్ణే కూర్చుని చూశా. ఉప్పునీళ్ళలో స్టీలు షాఫ్టూ కంచు ప్రొపెల్లరూ ఆనుకుని ఉంటే బ్యాటరీలో లాగా కరెంటు పారి, రెండిట్లో బలహీనమైన లోహం కరుగుతుంది. అవి కరక్కుండా వాటి బదులు తను కరగాలనే జింక్ పెడతాం. అది కరగలేదంటే దాని బదులు ఇంకోటి కరుగుతోందని లెక్క. ప్రొపెల్లర్ రెక్క అంచు గరుకు కాగితంతో రుద్దితే పసుపు రంగు రావాల్సిన చోట గులాబీ రంగు వచ్చింది! పేరుకి కంచు అంటారుగానీ ఈ ప్రొపెల్లర్లు చాలావాటిలో దగ్గర దగ్గర 40 శాతం జింకే ఉంటుంది, అది కరిగిపోతే మిగిలేది గుల్లబారిన రాగి. చెక్క సుత్తితో కొడితే రెండు రెక్కలు టంగుమన్నాయి, మూడోది డొప్పుమంది. ఆ డొప్పు ఇంకా చెవిలోనే ఉంది.

మరి జింక్ ఎందుకు పని చెయ్యలేదు? మల్టీమీటర్ తెచ్చి ఒక కొస జింక్ మీద, ఇంకో కొస ప్రొపెల్లర్ మీద పెట్టా. రెసిస్టెన్స్ ఒక ఓమ్ లోపు రావాలి, అసలు కనెక్షనే లేదు. బోల్టులు విప్పితే కింద షాఫ్ట్ చుట్టూ పాత పెయింట్ పట్టీ! పోయినేడు వేరే యార్డువాళ్ళు బిగించారు, బిల్లులో "షాఫ్ట్ క్లీనింగ్" అని రాసి డబ్బులు తీసుకుని మరీ పెయింట్ మీదే బిగించి పోయారు. ఆ ఒక్క పట్టీ వల్ల ప్రొపెల్లర్ మొత్తం మార్చాల్సొచ్చింది. వాళ్ళకి ఫోన్ చేస్తే "సంతకం పెట్టి తీసుకెళ్ళారు కదండీ" అన్నారు. బిల్లు చూసి కాదు, మీటర్ పెట్టి సంతకం చెయ్యండి.

ఈసారి షాఫ్ట్‌ని లోహం మెరిసేదాకా నేనే రుద్దా, షాఫ్ట్ తిరిగే బేరింగ్‌లోకి నీళ్ళు పోయేలా కాస్త సందు వదిలి కొత్త జింక్ బిగించా, మీటర్ పెడితే 0.2 ఓమ్ వచ్చింది. జింక్ మీద మాత్రం పెయింట్ పడనివ్వకండి, పడితే మళ్ళీ అదే కథ. సగం కరిగితే మార్చేయాలి. మంచినీళ్ళలో తిరిగే బోట్లకి జింక్ సరిగ్గా పని చెయ్యదు, వాటికి మెగ్నీషియం పెట్టాలి.

అదే అనుమానంతో అడుగున నీళ్ళు లోపలికీ బయటికీ పోయే వాల్వులన్నీ గీకి చూశా, ఒక మామూలు ఇత్తడి వాల్వు కూడా గులాబీ రంగుకి తిరిగింది, తీసేసి కంచుది పెట్టించా.

నాచు పట్టకుండా అడుగున వేసే పెయింట్ పాతది మాత్రం పొడిగా రుద్దకండి, నీళ్ళు పోస్తూ రుద్దండి, మాస్క్ పెట్టుకోండి. టిన్ కలిసిన పెయింట్లని అంతర్జాతీయ ఒప్పందంతో 2008లోనే ఆపేశారు, కానీ ఇప్పటివాటిలో ఉండే రాగి కూడా పీల్చే వస్తువు కాదు. మొదటి కోటు ఎరుపు, రెండోది నీలం వేశా, ఎరుపు బయటపడితే నీలం అరిగిందని తెలిసిపోతుంది. నీటిగీత దగ్గరా, చుక్కాని ముందు అంచుకీ ఇంకో కోటు ఎక్కువ వేశా.

దించేటప్పుడు నీళ్ళలో తేలగానే బెల్టులు విప్పొద్దన్నా. మేస్త్రీ విసుక్కున్నాడు, విసుక్కోనీ. టార్చ్ పట్టుకుని లోపలికి దిగి ప్రతి వాల్వు కిందా, షాఫ్ట్ లోపలికి వచ్చే చోటా టిష్యూ పెట్టి పది నిమిషాలు కూర్చున్నా. ఒక్కటీ తడవలేదు. అప్పుడు పైకొచ్చి విప్పమన్నా.