మా పెంకుటింటి పైకప్పు లెక్క

నర్సంపేట దగ్గరి పల్లెలో మా అమ్మ ఉంటున్న ఇల్లు బెంగుళూరు పెంకులది. కోతులు పెంకులను పగలగొట్టడం, వానాకాలానికి ముందు మనిషిని ఎక్కించి వాటిని మార్పించడం ఏటా ఉన్నదే. అయితే 2023 జులై చివర కురిసిన వానకు మాత్రం నడిమి అర్రలో గిన్నెలు పెట్టడానికి చోటు చాలలేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడ్డది ఆ వానలోనే. ఏటేటా వాయిదా వేస్తూ వచ్చి, ఈ ఎండాకాలం రేకులు వేయించాలని నిశ్చయించుకున్నాము.

మేస్త్రి వచ్చి గోడల వెంట టేపు పట్టాడు. పొడవు 36 అడుగులు, వెడల్పు 24 అడుగులు, మొత్తం 864 చదరపు అడుగులు. అడుగుకు 210 రూపాయల చొప్పున 1,81,440 అవుతుందన్నాడు. అమ్మ సరేనన్నది కానీ, తమ్ముడూ నేనూ ఒక రోజు గడువు అడిగాము. మా పెద్దనాన్న ఇంటికి ఇలాగే మొదట గోడల లెక్క చెప్పి, పెంకులన్నీ దించిన తర్వాత కప్పు కొలత ముందు పెట్టి అదనంగా అడిగారు. నెత్తిన కప్పు లేనప్పుడు బేరమాడే బలం ఎవరికి ఉంటుంది?

కప్పును కొలవడానికి పైకి ఎక్కవలసిన అవసరం కూడా రాలేదు. చూరు నాలుగు వైపులా గోడ దాటి రెండేసి అడుగులు ఉన్నది కనుక, కింద నేల మీద లెక్కే 40 బై 28 అవుతుంది. ఇక వాలు. వసారాలో స్టూలు మీద నిలబడి, రెండడుగుల కర్ర ఒక కొసను వాసానికి ఆనించి, రసమట్టంతో సమంగా పట్టుకున్నాను. రెండో కొస నుంచి నిలువుగా వాసం దాకా తమ్ముడు కొలిస్తే సరిగ్గా ఒక అడుగు వచ్చింది. అంటే చూరు నుంచి కొప్పు కిందికి 14 అడుగులు పోయేసరికి కప్పు 7 అడుగులు లేస్తుంది. 14 వర్గం 196, 7 వర్గం 49, రెండూ కలిపితే 245, దాని వర్గమూలం సుమారు 15.65. ఒక్కో వాలు 40 బై 15.65, రెండు వాలులూ కలిపి 1,252 చదరపు అడుగులు. అదే ధరకు 2,62,920 రూపాయలు. మొదట చెప్పిన దానికీ దీనికీ తేడా 81,480.

రేకుల సంఖ్య తేల్చడానికి ఈ వైశాల్యం ఒక్కటే చాలదు. మేము చూసిన రేకు వెడల్పు మూడున్నర అడుగులే అయినా, పక్క రేకు మీదికి ఎక్కిన భాగం పోగా కప్పేది 3.3 అడుగులు. 40 అడుగులకు పన్నెండు రేకులు పోగా ఇంకా ఐదు అంగుళాలు మిగులుతుంది. ఆ ఐదు అంగుళాల కోసం ఒక్కో వాలుకు పదమూడో రేకు కొనాలి. చూరును రెండు పక్కలా మూడేసి అంగుళాలు తగ్గించమన్నాము. పదహారు అడుగుల రేకులు రెండు మిగిలాయి.

ఏ పనికి ఏ కొలత వర్తిస్తుందో కూడా చూసుకోవాలి. వరంగల్ ఎండలకు రేకుల కింద సీలింగు లేకుండా మా అమ్మను ఉంచలేము. ఆ సీలింగుకు లెక్క గోడల లోపలి నేలదే తప్ప వాలుది కాదు. వాన నీటికి కూడా వాలుతో పని లేదు. 40 బై 28 అంటే సుమారు 104 చదరపు మీటర్లు, కాబట్టి 100 మిల్లీమీటర్ల వాన పడితే 10,400 లీటర్లు దిగుతుంది. ఒక్కో చూరుకు ఐదు వేల లీటర్ల పైమాటే. చూరు కింద పెట్టే గొట్టాన్ని ఆ లెక్కతోనే ఎంచుకున్నాము.

మరునాడు మేస్త్రి ముందు కాగితం పెట్టి, 210లో ఏమేమి ఉన్నాయో రాయమన్నాము. ఇనుప పైపులు, రేకులు, స్క్రూలు, కొప్పు రేకు, కూలి ఉన్నాయి. పెంకులు దించడం, రవాణా, నీటి గొట్టం, రేకుల మీద 18 శాతం జీఎస్టీ లేవు. కొలత ఆయన కూడా ఒప్పుకొని, ధర 195కు దిగాడు. పెంకులను కిందికి విసరకుండా చేతికి చేయి అందించి దించాలన్నది అమ్మ పెట్టిన ఒకే ఒక షరతు. పదిహేడు వందల పైచిలుకు పెంకుల్లో మూడో వంతు పగిలినవి పోయినా, పశువుల కొట్టానికి మిగిలినవి సరిపోతాయి. ఆ దింపుడు కూలి 6,000 రూపాయలను వేరే వరుసలో రాయించాము.