పీడీఎఫ్‌లు పోగేసి మోసపోయాను, మీరు పోవద్దు (గ్రూప్-2 వాళ్ళ కోసం)

ఫ్రెండ్స్, ప్రిపరేషన్ మొదలుపెట్టిన కొత్తలో నేను చేసిందల్లా టెలిగ్రామ్‌లో కనపడ్డ ప్రతి పీడీఎఫ్ దించుకోవడమే. ఫోన్ నిండింది, బుర్రలోకి ఒక్కటీ ఎక్కలేదు, పైగా సగం ఫైళ్ళలో పేజీకి అడ్డంగా ఎవడిదో ఛానల్ పేరు, దాని కింద అక్షరాలు కనపడి చావవు. చిక్కడపల్లి లైబ్రరీలో నా పక్కన కూర్చునే అన్న అది చూసి, "అసలు సైట్‌లోనే ఫ్రీగా ఉంటే ఈ చెత్త ఎందుకురా?" అన్నాడు.

నిజంగానే ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్రం తరఫున స్కూల్ పుస్తకాలు వేసే సంస్థ) పుస్తకాలన్నీ వాళ్ళ సైట్‌లో చాప్టర్ల వారీగా ఉన్నాయి. ఫైల్ పేర్లతోనే తంటా. కెఈపీఎస్205 అని ఒకటి దిగితే వైరస్ అనుకుని డిలీట్ కొట్టా (నవ్వకండి). కె అంటే 11వ తరగతి, ఎల్ అయితే 12, ఈ అంటే ఇంగ్లిష్, పీఎస్ పొలిటికల్ సైన్స్, 2 రెండో పుస్తకం, 05 ఐదో చాప్టర్, అంటే నేను డిలీట్ కొట్టింది లెజిస్లేచర్!

సొసైటీ టాపిక్స్‌కి ఇగ్నో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ) వాళ్ళ పాఠాల సైట్ ఈ-జ్ఞానకోశ్‌లో బీఏ సోషియాలజీ యూనిట్లు చాలు, ఎంఏవి జోలికి పోకండి, లోతెక్కువ. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ కూడా ఉంది గానీ అందులో చాలావరకు వేరే సైట్‌కి దారి చూపిస్తుంది అంతే.

అసలు గని ఇంటర్నెట్ ఆర్కైవ్, పాత పుస్తకాల స్కాన్లు ఫ్రీగా దొరికే సైట్. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రాజెక్టులో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు బోలెడు అక్కడున్నాయి, కానీ తెలుగులో కొడితే చాలావి దొరకవు, ఎందుకంటే పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు, అదీ మనం వాట్సాప్‌లో కొట్టినట్టు కాదు, దీర్ఘానికి రెండు 'ఏ' అక్షరాలు, సున్నాకి ఎన్ పక్కన ఒక కోట్ గుర్తు. సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర కోసం ఒక సాయంత్రమంతా పోయింది నాకు. చివరికి పూర్తి పేరు మానేసి చరిత్ర అన్న ఒక్క మాట, రచయిత ఇంటిపేరు కొడితే వచ్చింది. 1955లో తెలుగుకి మొదటి సాహిత్య అకాడమీ అవార్డు దానికే, ఇది బిట్‌గా కూడా పనికొస్తుంది. కాకతీయుల కాలంలో జనం ఏం తిన్నారు, ఏం ఆటలు ఆడారు అని చదువుతుంటే సిలబస్ గుర్తే రాలేదు, ఆ ఒక్క చాప్టర్ జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకున్నా, స్కాన్‌లో వంకరగా పడ్డ పేజీలతో సహా.