మా మిద్దె మీద గంజాయి చెట్లంట!

పోయిన అక్టోబర్లో ఒక ఆదివారం, పొద్దున్నే నేనింకా పండ్లు తోముకుంటా ఉన్నా, మా ఆవిడ ఫోన్ తెచ్చి మొహం మీద పెట్టి "ఏం సామీ, మిద్దె మీద గంజాయి పెంచతా ఉండావంట కదా, నాకు ఒక మాట చెప్పకూడదా" అనింది. నోట్లో పేస్టు ఉంది, నవ్వేదానికీ లేదు, మాట్లాడేదానికీ లేదు.

విషయం ఏందంటే మా బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫోటో పెట్టినారు. వెనకాల ఇంకో అపార్ట్‌మెంట్ ఉంది, దాని నాలుగో ఫ్లోర్ నుంచి జూమ్ చేసి తీసింది. బ్లర్‌గా ఉన్నా బాగానే తెలస్తా ఉంది, మా నల్ల ట్యాంకు, దాని పక్కన వరసగా ఆరు గ్రో బ్యాగులు, భుజమెత్తు చెట్లు, ఒక్కో ఆకుకి చెయ్యి చాపినట్టు ఐదు వేళ్ళు, అంచంతా రంపం పళ్ళు. నిజం చెప్పాలంటే ఆ ఫోటో చూస్తే నాకే రవంత డౌటు వచ్చింది. టీషర్టుల మీద వేస్తారే, అచ్చం ఆ బొమ్మే.

కింద నలభై మెసేజిలు. పిలకాయలు తిరిగే చోటు అని ఒకరు, తిరుపతి లాంటి ఊర్లో ఇదేం కర్మ అని ఒకరు, డ్రగ్స్ హెల్ప్‌లైన్ 1972 కి ఫోన్ కొట్టండి అని ఒకరు. రెండో ఫ్లోర్లో రిటైరైన అంకుల్ ఒకాయన ఉండారు, ఆయనైతే ఏకంగా చట్టమే టైప్ చేసి పెట్టినాడు. 1985 ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం, సెక్షన్ 20, గంజాయి మొక్క పెంచితే పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. అంకుల్ చెప్పింది కరెక్టే, ఒక్క చెట్టయినా పది చెట్లయినా పెంచడమే నేరం. మన రాష్ట్రంలో దీని మీద గట్టిగానే ఉండారు, 2021లో ఆపరేషన్ పరివర్తన్ అని విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికించేసినారు కూడా. అందరూ భయపడింది తప్పని నేననను. కాకపోతే మా ఇంట్లో ఉండేది గోగాకు. గోంగూర.

అదే గ్రూపులో పెట్టినా, "అయ్యా అది గోంగూర" అని. ఎవురూ నమ్మలా. గోంగూర ఎట్లుంటాదో మాకు తెలీదా, రైతుబజార్లో దినామూ చూస్తా ఉండాం అన్నారు. సాయంత్రానికి బైక్ మీద ఇద్దరు పోలీసులు రానే వచ్చినారు. ఎవురు ఫోన్ చేసినారో ఇప్పటికీ తెలీదు, నేను అడగలా.

ఇద్దర్లో ఒకాయన వయసు పిల్లోడు, సీరియస్‌గా ఫోటోలు తీసుకుంటా ఉన్నాడు. ఇంకొకాయన యాభై దాటినాయన, మీసం నెరిసింది. మెట్లెక్కి ఆయాసపడతా వచ్చి, చెట్టు చూసి, ఏం మాట్లాడకుండా ఒక లేతాకు తుంచి నోట్లో వేసుకున్నాడు. నమిలినాడు. కండ్లు మూసుకున్నాడు. "గోగాకురా ఇది" అన్నాడు పిల్లోడితో. "మాది పలమనేరు పక్క. మా అమ్మ సట్టిలో ఎనిపి పెడితే ముద్దలు ముద్దలు తినేవాళ్ళం."

తర్వాత ఆయనే పిల్లోడికి క్లాసు పీకినాడు, నేను పక్కన నిలబడి విన్నా. ఆకు మొదలు చూడు, వేళ్ళన్నీ అరచేతిలో కలిసినట్టు కలిసే ఉండాయి కదా, ఇది ఒకే ఆకు, చీలింది అంతే. గంజాయిలో అట్ల కాదు, ఒక్కో వేలు విడివిడిగా కాడ దాకా వచ్చి ఆడ ఒక చుక్క దగ్గర కట్టినట్టుంటాది. దీని కాండం మీద చెయ్యి పెట్టు, సన్న ముండ్లు గీరుకుంటాయి. నలిపి వాసన చూడు, ఆ ఘాటు లేదు. ఇంకా పువ్వు వస్తే అసలు గొడవే లేదు, మందారం మాదిరి పెద్ద పువ్వు, లేత పసుపు, మధ్యలో నల్లెరుపు.

ఈ పోలిక ఇవాళ్టిది కాదు. తర్వాత చదివినా, గంజాయికి కన్నాబిస్ సటైవా అని పేరు పెట్టింది లిన్నేయస్ అనే స్వీడన్ ఆయన, 1753లో. అదే మనిషి 1759లో మన గోగుకి హైబిస్కస్ కన్నాబినస్ అని పెట్టినాడు, అంటే గంజాయి లాంటి మందారం అని. చుట్టరికం మాత్రం ఏమీ లేదు. గోగు అన్నదమ్ములు బెండ, పత్తి, మందారం. గంజాయికి దగ్గర చుట్టం బీరులో వేసే హాప్స్. కానీ అంత పెద్దాయనకే ఆకు చూడంగానే అది గుర్తొచ్చింది అంటే ఆ వెనక బిల్డింగ్ నాలుగో ఫ్లోర్ వాళ్ళని ఏమనేది.

రైతుబజార్లో ఉండేదానికీ దీనికీ తేడా ఉంది, అది కూడా చెప్పాలి. మార్కెట్లో జాస్తిగా వచ్చే ఎర్రకాడ గోంగూర వేరే జాతి, దాని ఆకుకి జాస్తిగా మూడు చీలికలే, వెడల్పుగా ఉంటాది. మాది నార గోగు. మా అవ్వ పాకాల పక్కన పల్లెలో చేను గట్ల మీద ఇదే వేసేది, ఆకు కూరకి, కాండం నారకి. పులుపు తక్కువ, వెనకాల ఒక తియ్యదనం ఉంటాది.

అవ్వ పోయినాక ఆ ఇంట్లో పాత బోర్న్‌విటా డబ్బాలో ఎండిన వేపాకు మధ్య ఒక గుప్పెడు విత్తనాలు దొరికినాయి. ఎన్నేళ్ళవో తెలీదు. పోయినేడు మే నెలలో లెక్కపెట్టి ముప్పై వేసినా. ఒకే ఒకటి మొలిచింది. ఆ ఒక్క మొలక మీద నేను పడిన టెన్షన్ మా పాప స్కూల్ అడ్మిషన్ అప్పుడు కూడా పడలా, పిచ్చుకలు పొడుస్తాయని దోమతెర కట్టినా, మధ్యాన్నం ఎండకి గొడుగు పెట్టినా, మా ఆవిడ దాన్ని పెద్దకోడలు అని పిలవడం మొదలుపెట్టింది.

సరే ఒక్కటే ఉంది, పీకేస్తే మళ్ళీ లేదు, ఏం చేసేది అని టొరంటోలో ఉండే మా చిన్నాయన కొడుక్కి ఊరికినే చెప్పినా. వాడు "క్లోన్ చెయ్ అన్నా" అన్నాడు. వాడికెట్ల తెలుసంటే కెనడాలో 2018 అక్టోబర్ నుంచి గంజాయి లీగల్, వాళ్ళుండే ఒంటారియోలో ఇంటికి నాలుగు చెట్లు పెంచుకోవచ్చు, పక్కింటాయన టమాటా చెట్ల మాదిరి పెరట్లో వేసుకుంటాడంట. కెనడాలో క్లోనింగ్ ఏంటికంటే, ఆ చెట్లలో ఆడవి మగవి వేరే వేరే, విత్తనం వేస్తే సగానికి సగం మగవి వస్తాయి, మగచెట్టు పుప్పొడి పడితే ఆడపువ్వంతా గింజ పడిపోతాది. అదే మంచి ఆడచెట్టు కొమ్మ తీసి నాటితే అది గ్యారంటీగా ఆడదే, తల్లి ఎట్లుంటే అట్లే. తల్లిచెట్టుకి మదర్ ప్లాంట్ అని పేరు పెట్టి లైట్ల కింద సంవత్సరాల పాటు కాపాడతారంట.

క్లోనింగ్ అంటే నేనేదో ల్యాబ్ అనుకున్నా. విన్నాక నవ్వొచ్చింది. మా తాత చెరుకు గడ మూడు కండ్లకి నరికి చాల్లో పడుకోబెట్టేది క్లోనింగ్ కాదా? అరటి పిలక, మల్లె అంటు, అన్నీ అదే కదా. పేరే కొత్త.

మొదటి విడత నాశనం చేసినా. మధ్యాన్నం మూడింటికి ఆఫీస్ నుంచి తొందరగా వచ్చినా కదా అని అప్పుడే నాలుగు కొమ్మలు కత్తిరించి గాజు గ్లాసులో నీళ్ళు పోసి కిటికీలో పెట్టినా. నాలుగో రోజుకి కింద జిగురు, వాసన. పారేసినా.

రెండో విడత జులైలో. ఈ సారి తెల్లారి ఆరింటికి, చెట్టు రాత్రంతా నీళ్ళు తాగి నిండుగా ఉన్నప్పుడు. పెన్సిల్ లావు కొమ్మలు ఎనిమిది, ఒక్కోదానికి మూడు కణుపులు ఉండేట్టు, కింది కణుపుకి కొంచెం కింద ఏటవాలుగా ఒకే కోత. బ్లేడు స్పిరిట్‌తో తుడిచినా. కింది ఆకులన్నీ తీసేసి పైన రెండే ఉంచి, వాటిని కూడా సగానికి కత్తిరించేసినా. ఇది చేస్తా ఉంటే పాపం అనిపిస్తాది కానీ వేరు లేని కొమ్మకి తాగే నోరు లేదు, ఆకుల్లోంచి మాత్రం నీళ్ళు పోతానే ఉంటాయి, ఆకు ఎంత తక్కువైతే అంత బతుకుతాది. చివర రూటింగ్ హార్మోన్ (వేర్లు తెప్పించే మందు) పొడిలో అద్ది, పిండితే రెండు చుక్కలు రాలేంత తడిగా కోకోపీట్, అదే కొబ్బరి పొట్టు, టీ కప్పుల్లో నింపి గుచ్చినా. పైన రెండు లీటర్ల నీళ్ళ బాటిల్ సగానికి కోసి బోర్లించినా, లోపల ఆవిరి పట్టి చెమట పోసినట్టు ఉండాలి. మెట్ల కింద, వెలుతురు వచ్చి ఎండ పడని చోట పెట్టినా. మన ఊరి జులై ఎండ తగిలితే ఆ బాటిల్లోనే ఉడికిపోతాయి.

తొమ్మిదో రోజు ఉండబట్టలేక ఒకటి పీకి చూసినా. కణుపు చుట్టూ తెల్లగా అన్నం మెతుకుల మాదిరి మూడు వేర్లు, చూస్తా ఉండంగానే ఒకటి పుటుక్కున తెగి కప్పులో పడింది. అది బతకలా. మీరు పీకద్దు. కప్పు అడుగున బొక్క పెట్టండి, వేరు వస్తే అదే బయటికొచ్చి కనపడతాది. మొత్తానికి ఎనిమిదిలో ఐదు నిలబడినాయి. అంటే ఆ ఫోటోలో కనపడిన ఆరు చెట్లు ఆరు కాదు, ఒకటే చెట్టు ఆరు బ్యాగుల్లో ఉంది.

ఇంకో సంగతి, విత్తనం నుంచి వచ్చిన మొలకకి మొదట్లో ఆకులు గుండ్రంగా ఉంటాయి, పైకి పోయే కొద్దీ చీలతాయి. కొమ్మ నాటితే ఆ చిన్నతనం లేదు, వచ్చే మొదటి చిగురే ఐదు వేళ్ళతో వస్తాది. తల్లి వయసు ఎంతో పిల్ల వయసూ అంతే.

దీనివల్ల నవంబర్లో ఒక తమాషా అయింది. గోగు రాత్రి పొడుగు చూసి పూసే చెట్టు, పగలు తగ్గే కాలం వస్తే పూతకి దిగతాది. గంజాయి కూడా ఇదే టైపంట. అక్టోబర్ నడిమికి నాలుగు బ్యాగులు మొగ్గ వేసినాయి, రోడ్డు పక్కుండే రెండు మాత్రం వెయ్యలా. నీళ్ళు తక్కువైందా, ఎరువు జాస్తి అయిందా అని నెల రోజులు బుర్ర గోక్కున్నా. చూస్తే కొత్తగా వేసిన ఎల్‌ఈడీ వీధిలైటు సరిగ్గా ఆ రెండింటి మీద పడతా ఉంది! పాపం వాటికి ఇంకా రాత్రే కాలా. మొగ్గేసిన చెట్టు నుంచి నేను తెలీక కొమ్మలు తీసి నాటినా, అవి వేరు పోసుకున్నాయి, కానీ పెరగలా. జానెడు మొక్క, టీ కప్పులో, రెండే ఆకులు, దానికి నా అరచేతంత పువ్వు. పొద్దున విచ్చి మధ్యాన్నానికి ముడుచుకునింది. మా పాప దాన్ని స్కూలుకి తీసకపోతానని ఏడుపు.

ఆకు విషయానికొస్తే, తల తుంచతా ఉంటేనే పక్క కొమ్మలు వస్తాయి, పూతకొచ్చినాక ఆకు ముదురు. అల్యూమినియం బోకుల్లో మాత్రం వండద్దు, పులుపు ఆ లోహాన్ని తినేస్తాది. మట్టి సట్టిలో పచ్చిమిరపకాయ, ఎర్రగడ్డ, రాళ్ళుప్పు వేసి ఉడికించి పప్పుగుత్తితో ఎనిపి, రాగి సంగటి వేడివేడిగా, మధ్యలో గుంత చేసి నెయ్యి. ఇంతకంటే రాస్తే మళ్ళీ ఆకలి.

సంక్రాంతి తర్వాత గింజలు తీసుకొని కాండాలు పారెయ్యబుద్ధి కాలా. అవ్వ గుంటలో నానబెట్టేది కదా అని నేను డ్రమ్ములో నానబెట్టినా. పన్నెండు రోజులు. ఏడో రోజు గ్రూపులో మెసేజి, "డ్రైనేజీ ఎక్కడో లీక్ అవుతోంది, సెక్రటరీ గారు చూడగలరు". నేను గమ్మున ఉండిపోయినా. కంపు మాత్రం కంపే, నేను కాదనను. కానీ తోలు ఊడదీసి ఉతికి ఆరేస్తే బంగారు రంగులో నార వచ్చింది, మూడు మూరల తాడు పేనినా, చేతులు బొబ్బలెక్కినాయి. ఇప్పుడు అది మా బట్టల దండెంలో ఒక ముక్క.

ఆ పెద్ద కానిస్టేబుల్‌కి ఆ రోజే నాలుగు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి ఇచ్చినా, వాళ్ళమ్మకంట, ఎనభై దాటిందంట. వేర్లు వచ్చినాయో లేదో కబురు లేదు.

ఈ జూన్‌లో కొత్త గింజలు వేస్తే బ్రహ్మాండంగా మొలిచినాయి, నలభైకి పైనే. మొన్న సెక్షన్ 20 అంకుల్ మెట్ల దగ్గర ఆపి, "అబ్బోడా, ఆ గోంగూర మొక్క నాకూ ఒకటి ఇయ్యి, మా ఆవిడ అడగతా ఉంది. కానీ ఆ చీలికలాకులది వద్దు, చూసేవాళ్ళకి బాగుండదు. గుండ్రాకులది ఉంటే ఇయ్యి" అన్నాడు. మూడు వారాల మొక్క ఒకటి మంచిది చూసి ఇచ్చినా, ఆరు ఆకులు, అన్నీ చక్కగా గుండ్రంగా ఉండాయి. తెచ్చి బాల్కనీలో రోడ్డుకి కనపడేట్టు పెట్టుకున్నాడు.